అన్నీ ఉన్నాయని చెప్పిన అత్తమ్మ

మా అత్తమ్మ గిరిజమ్మ నోట "లేదు" అనే మాట రాదు. దీపం పెట్టిన తర్వాత అసలే రాదు. గడప ముందుకు ఎవరొచ్చి ఏమడిగినా, ఉంటే ఇస్తుంది, లేకపోతే "రేపు రా బిడ్డా" అంటుంది. లేదంటే లక్ష్మి లేచి వెళ్లిపోతుందట. కోహీర్‌లో ఆమె తల్లి కూడా అట్లాగే బతికిందట. బతకనీ, నాకేం. కానీ పేదోళ్ల సర్వే చేసేవాళ్లు సరిగ్గా దీపాల వేళకు మా గడప ముందు నిలబడతారని నేనేమైనా కలగన్నానా?

ఆ వేళకు నేను ఇంట్లో లేను. బీదర్ రోడ్డు మీద ఒక బండి దగ్గర జొన్న రొట్టెలు చేస్తాను. మా ఆయన నాగరాజ్ ధాన్యం అమ్మే గంజ్‌లో బస్తాలు మోస్తాడు. ఆ రాత్రి నేను ఇంటికి వచ్చి ఇంకా చేతులైనా కడుక్కోలేదు, అత్తమ్మ సంబరంగా ఎదురొచ్చింది.

"సర్కారోళ్లు వచ్చిన్రు పిల్లా! విజయ్ అంట, మంచి పిలగాడు. ఫోన్ల అన్ని రాసుకున్నడు. గ్యాస్ ఉన్నదా అన్నడు, ఉన్నదన్న. బాత్రూం, బ్యాంకు ఖాతా, కరెంటు, ఫోను... అన్ని ఉన్నయన్న."

"గోడ సంగతి చెప్పినవా అత్తమ్మా?"

"గోడలు గట్టివేనా అన్నడు. మా ఆయన కట్టిన గోడలు బిడ్డా, గట్టిగ లేకుంటె ఎట్ల అన్న."

తల గోడకేసి కొట్టుకుందామనిపించింది. కొట్టుకుంటే ఆ గోడ నిలబడేది కాదు. మా మామ నలభై ఏళ్ల కిందట మట్టితో కట్టిన గోడ అది. పోయిన వానాకాలం పై నుంచి కింది దాకా పగిలింది, నెల నెలకూ లోపలికి ఉబ్బుతోంది. దాని పక్కనే నా పిల్లలు దీక్షిత, నవదీప్ పడుకుంటారు. ముందు గదిలో పొయ్యి, బియ్యం డబ్బా, అత్తమ్మ మంచం పోగా ఒక మనిషి కాళ్లు చాపుకునే జాగా కూడా ఉండదు. రొట్టెలు చుట్టడానికి తెచ్చే పాత పేపర్లలో ఎక్కడైనా గోడ కూలిన వార్త కనబడితే, ఆ ముక్కలో రొట్టె చుట్టను, చించి పక్కన పడేస్తాను. ఇల్లు మంజూరైతే ఆ గోడ తీసేయొచ్చని రెండేళ్లుగా చూస్తున్నాను. ఈ సర్వేలో పేదోళ్లుగా తేలితేనే ఇల్లు.

నేను అనుకున్నంతా అయింది. జాబితాలో మా పేరు రాలేదు.

జాబితా వచ్చిన మర్నాడు పది గంటలకు బడి దగ్గర టెంటు వేసి వార్డు సభ పెట్టారు. వార్డు ఆఫీసర్ రామ్‌కిషన్ సార్ మైకు పట్టుకుని, దేశంలో పేదరికం తగ్గించడానికి పెద్ద ప్రణాళిక వేశారని, ఏ ఇంట్లో ఏముందో లెక్క తీసి పై వరకు పంపుతారని, మా వార్డులోనే పేదోళ్లు సగానికి తగ్గారని చెప్పాడు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. నేను చదివింది ఏడో తరగతే. అయినా తగ్గినవాళ్లలో మేమూ ఉన్నామని మాత్రం అర్థమైంది. లేచి నిలబడ్డాను.

"సారూ, మా పేరెందుకు రాలే?"

ఆయన ఫోనులో చూశాడు. "మేమడిగిన పన్నెండింట్ల మీకు పదకొండు ఉన్నయమ్మా. గిన్ని ఉన్నోళ్లు గరీబోళ్లెట్లయితరు?"

"గ్యాస్ మీరిచ్చిందే సారూ. బాత్రూం మీరు కట్టిచ్చిందే. ఖాతా మీరు తీపిచ్చిందే. ఇచ్చినయన్ని మల్ల మీరే లెక్కవెట్టి, నీకున్నయి పో అంటె ఎట్ల?"

"ఉన్నయా, లేవా? అది చెప్పు."

"సిలిండర్ ఖాళీ అయ్యి నాలుగు నెలలాయె. దాని మీద నీళ్ల బిందె పెట్టుకున్నం. బాత్రూంకు నీళ్లు రావు, అండ్ల కట్టెలు పెట్టుకున్నం. ఖాతాల ఏమున్నదో బ్యాంకోళ్లనే అడుగున్రి."

టెంటంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను మాట్లాడుతుండగానే పడమటి దిక్కున మబ్బు పడుతోంది. నా కళ్లు అటే ఉన్నాయి.

"సిలిండర్ ఉన్నదా అనే అడుగుమన్నరమ్మా, అండ్ల గ్యాసున్నదా అని కాదు," అన్నాడు రామ్‌కిషన్ సార్, కొంచెం జాలిగానే. "జవాబులు తప్పైతే ఇయ్యాలనే మార్చుకోవచ్చు. ఇల్లెవరి పేరు మీదున్నది?"

"మా అత్తమ్మ పేరు మీద."

"అయితె ఆమెనే వచ్చి నోటితోని చెప్పాలె. రెండు గంటల దాంక ఉంట."

పరుగున ఇంటికి పోయాను. అత్తమ్మ రానంటే రానంది. "నలుగుట్ల నిలబడి మాకు లేదు, మాకు లేదు అని మొత్తుకోవాల్నా? నీ మామ ఉంటె నా మొఖం చూస్తడా?"

"మామ పాయె అత్తమ్మా. పిల్లలున్నరు!"

పక్కింటి హబీబున్నీసా ఆపా మా అరుపులు విని బయటికి వచ్చింది. ఆమెకూ అత్తమ్మకూ ముప్పై ఏళ్ల స్నేహం, అంతే కొట్లాట.

"ఏంది గిరిజమ్మా, సంగతి? గడప మీద అనొద్దు, సరే. దీపం వెట్టినంక అనొద్దు, సరే. అది మునిసిపాలిటీ టెంటు. పగటీలి పన్నెండు. ఆడ లేదంటె లక్ష్మి పోతె మునిసిపాలిటోళ్లది పోతది, నీకేం ఫికర్? చెప్పులేసుకో, నడువ్."

అత్తమ్మ ఆమె వైపు గుర్రుగా చూసింది. కానీ చెప్పులు వేసుకుంది.

టెంటులో రామ్‌కిషన్ సార్ మళ్లీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాడు, ఈసారి ఉన్నదా అని కాదు, వాడుతున్నారా అని. "గ్యాస్ మీద వండుకుంటున్నరా?"

"ఆ, ఉన్నది..." అని మొదలుపెట్టింది. నేను మోచేతితో పొడిచాను. అత్తమ్మ తలవంచుకుంది. "లేదు," అంది. ఆ మాట ఆమె గొంతులో నేను ఇన్నేళ్లలో వినలేదు. ఎవరి గొంతో అనిపించింది.

"బాత్రూం వాడుతున్నరా?"

"లేదు."

"గోడలు?"

"పడేటట్టున్నయి," అంది, తన చెప్పుల వైపు చూస్తూ.

"ఇంట్ల అందరు రెండు పూటల తింటున్నరా?"

ఇది మాకు ఇబ్బంది లేని ప్రశ్న. తింటున్నామని చెప్పబోయాను. అంతలో అత్తమ్మే అంది, "పిల్లలు తింటున్నరు. కొడుకు, కోడలు తింటున్నరు. నాకు రాత్రి లేదు."

"లేదంటె?"

"పోయిన దసరా నుంచి."

రామ్‌కిషన్ సార్ ఫోనులో వేలు ఆపి నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. రోజుకు వంద రొట్టెలు చేసేదాన్ని నేను. తొమ్మిదింటికి ఇంటికి చేరేసరికి, "నేను తిన్న, మీరు తినున్రి" అని అటు తిరిగి పడుకునేది ఈ మనిషి. ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. అందరి ముందూ అరవకుండా పళ్లు బిగబట్టుకున్నాను. దారిలో అరిచాను.

"చెప్పొచ్చు గద అత్తమ్మా! నాకొక్క మాట చెప్పొచ్చు గద!"

"నీకా? మబ్బు వడితెనే వణుకుతవ్. ఇంట్ల బియ్యం సరిపోతలేవని చెప్తె నిద్ర వోతవా? చెప్తదట, చెప్తది!"



గురువారం గోడ చూడటానికి మునిసిపాలిటీ ఇంజనీరు వచ్చాడు. పగులులో తన బండి తాళంచెవి దూర్చాడు. అది మొత్తం లోపలికి పోయింది. తీస్తే వెనకే దోసెడు మట్టి రాలింది. ఫోనులో ఏదో రాసుకుని, "ఇంక మీ పేరెక్కినట్టే," అన్నాడు.

"ఇల్లొచ్చినట్టేనా సార్?"

"ఇల్లు వచ్చెటాలకు ఆరేడు నెలలు పడ్తది. అప్పటిదాంక దీంట్ల ఎవరు ఉండొద్దు. ఇయ్యాలనే ఖాళీ చేయాలె."

"ఖాళీ చేసి యాడికి వోవాలె సార్?"

దానికి ఆయన ఫోనులో గడి లేదు. బండి ఎక్కి వెళ్లిపోయాడు.

నాగరాజ్ మంచాలు బయటికి తెచ్చాడు. నేను డబ్బాలు, గిన్నెలు, పిల్లల పుస్తకాలు మూట కట్టాను. వాన మొదలైంది. హబీబున్నీసా ఆపా తన ముందు గది ఖాళీ చేసి, గిరిజమ్మ ఎక్కడ పడుకోవాలో కూడా తనే చెబుతోంది. అత్తమ్మ వినడం లేదు. పిల్లలిద్దరినీ రెక్కలు పట్టుకుని వానలో నడిపించుకుపోతోంది, వెనక్కి తిరిగి నా మీద అరుస్తోంది.

"గిన్నెలు తర్వాత తెచ్చుకోవచ్చు! ముందు నువ్వు ఆ గోడ కాడ్నుంచి బయటికి రా!"