మసీదు సంచిలో ఒక కథ

నేను ఒక పరీక్ష అట్టను. చెక్కపొట్టు నొక్కి చేసిన గోధుమరంగు పలక, నెత్తిన ఒక ఇనుప క్లిప్పు, వీపు మీద ఇరవయ్యో ఎక్కం దాకా అచ్చు. లోకంలోకి వచ్చిననాడు నా పెట్టుబడి ఇంతే. కాగితం నాది కాదు, సిరా నాది కాదు. సరుకు ఒకరి బుర్రలోది, పని ఒకరి చేతిది. మధ్యలో జారిపోకుండా పట్టుకోవడమే నా వ్యాపారం.

కర్నూలు పుస్తకాల అంగడిలో నన్ను కొన్నవాడు నబీరసూల్. పదో తరగతి పరీక్షలకు తీసుకుపోయాడు. లెక్కల పరీక్షనాడు నన్ను తిప్పి ఎక్కాలు చూడబోతే, కాపలా ఉన్న టీచరమ్మ నా వీపుకు తెల్లకాగితం అంటించింది. వాడు రెండుసార్లు తప్పాడు. అచ్చిరాని అట్ట అని ఇంట్లో తేల్చారు. మనుషులు తమ నష్టాన్ని నోరు లేనివాళ్ళ పేరున రాసుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. తర్వాత రెండేళ్ళు వాళ్ళ బొగ్గుల కుంపటికి విసనకర్రగా బతికాను.

కుంపటి దగ్గర నుంచి నన్ను తీసుకున్నది వాడి చెల్లెలు కౌసర్.

వాళ్ళది దూదేకుల ఇల్లు. ముందుగదిలో తండ్రి హుసేనప్ప పరుపుల అంగడి, వెనక కాపురం. పాత పరుపు వస్తే కుట్టు విప్పి, గడ్డకట్టిన దూదిని మిషన్‌లో ఏకి, కొత్త గుడ్డలో నింపి దబ్బనంతో కుడతారు. ఇరవై రెండేళ్ళ కౌసర్ కుట్టుపనిలో తండ్రికి సగం బలం. రాయడం ఆమెకు సరదా. తెల్లారుజామున నమాజు అయ్యాక, మిషన్ మొదలై దుమ్ము లేచేలోపు, నేల మీద దూది బస్తాకు ఆనుకుని కూర్చుని నన్ను మోకాళ్ళ మీద పెట్టుకునేది. ప్రతి కాగితం పైన ముందు 786 వేసేది. వాళ్ళ అంగడి తలుపు మీదా, పెళ్ళి పత్రికల మీదా అదే అంకె. బిస్మిల్లా అని రాయడానికి బదులు వేసుకుంటారు. చిత్తులో తను చూసింది పెన్నుతో, కల్పించింది పెన్సిలుతో రాసేది. పనిలో ఉండగా మంచి మాట చెవిన పడితే పరుపుగుడ్డ లోపలివైపు సుద్దతో గీసేది. తండ్రి ఆ గుడ్డ కుట్టేసేలోపు దాన్ని నా మీదికి ఎక్కించాలి. ఎక్కించడం మరచిన వాక్యాల మీద కర్నూలులో కొందరు ఇప్పటికీ నిద్రపోతున్నారు.

ఆమెకు కథలిచ్చేవి పాత పరుపులే. విప్పితే జడపిన్నులు, మింగకుండా దాచిన మాత్రలు, నాలుగుగా చింపిన ఉత్తరం. ఈ విషయంలో హుసేనప్పది ఒకటే పద్ధతి. పొరపాటున పడిందైతే మనిషిని పిలిచి చేతికిస్తాడు. కావాలని దాచిందని తోస్తే, ఎక్కడ దొరికిందో అక్కడే మళ్ళీ పెట్టి కుట్టేస్తాడు. ఎవరికీ చెప్పడు.

ఒకసారి లతీఫ్ సాబ్ పరుపు వచ్చింది. పక్కవీధి మసీదులో అజాన్ చెప్పే పెద్దాయన. భార్య పోయి ఆరు నెలలు, పిల్లలు లేరు. ఆమె పడుకున్న వైపు విప్పితే పసిబిడ్డ కుళ్ళాయి బయటపడింది. అంచున పచ్చపూసలు. ఎవరూ పెట్టుకున్న జాడ లేదు. హుసేనప్ప దాన్ని అదే చోట పెట్టి కుట్టేశాడు. కౌసర్ దాన్ని కథ చేసింది.

మూడు నెలలు రాసింది. కథ నచ్చితే రంజాన్ పండగ సంచికకు వేసుకుంటామనీ, శనివారం లోపల రిజిస్టరు పోస్టులో పంపమనీ ఒక వారపత్రిక నుంచి కార్డు వచ్చింది. శనివారం మధ్యాహ్నానికి పద్నాలుగు పేజీల శుద్ధప్రతి నా క్లిప్పు కింద ఉంది. అన్న చదివి ఎగతాళి చేస్తాడని చిత్తు ప్రతిని ముక్కలు చేసి కుంపట్లో వేయడం ఆమె అలవాటు. ఆ రోజూ అదే చేసింది. తపాలాఫీసులో రిజిస్టరు నాలుగింటి దాకానే. నన్ను నేల మీద ఉంచి స్నానానికి వెళ్ళింది.

అప్పుడే వీధిలోకి లతీఫ్ సాబ్ వచ్చాడు. చిరిగిన ఖురాన్ పుటలు, దేవుని పేరున్న కాగితాలు చెత్తలో పడకూడదు. అందుకే ఏటా రంజాన్‌కు ముందు వాటిని ఇంటింటా పోగుచేసి, గోనెసంచిలో రాయి వేసి కుట్టి, తుంగభద్ర లోతు నీళ్ళలో వదులుతాడు. కౌసర్ జేజికి, అంటే హుసేనప్ప తల్లికి, ఒక్క అక్షరమూ రాదు. ఆ మూడంకెల ఆకారం మాత్రం వచ్చు. నేల మీద నన్ను చూసి లెంపలేసుకుని, తీసి ఆయన సంచిలో వేసింది.

ఇంట్లో ఏం జరిగిందో నేను తర్వాత విన్నాను.

"జేజీ, నా అట్ట యాడ?"

"మసీదు సంచిలో ఏసినా మే. ఏడెనిమిదారు ఉండే కాయితాలు కాళ్ళ కింద పెడతారా ఎవరన్నా? క్లిప్పు తీయను రాలే, అట్టతోనే ఇచ్చినా."

"అది కథ జేజీ."

"కథకు ఆ అంకె ఎందుకేసినావ్ మరి?"

కౌసర్ నది వైపు పరుగెత్తింది.

సంచిలో నేను రాయి పక్కన ఉన్నాను. జనవరి కాబట్టి నది సన్నగా ఉంది, లోతు కోసం ఇసుకలో అరమైలు నడవాలి. మాకు దొరికిన గడువు ఆ అరమైలే. చెక్కపొట్టుకు నీళ్ళు తగిలితే ఉబ్బి, పొరలు విడి, చివరికి క్లిప్పు ఒక్కటే మిగులుతుంది. ఆయన అడుగు చప్పుడు ఇసుక నుంచి నీళ్ళలోకి మారింది. చీలమండ లోతు, తర్వాత మోకాలి లోతు.

"సాబ్, ఆగండి సాబ్. దాంట్లో నా అట్ట ఉండాది."

"ఒకసారి దీంట్లో పడింది మళ్ళీ ఇంటికి పోదు బేటీ."

"అది కథ సాబ్. జేజి తెలీక ఏసింది."

"పైన ఆ అంకె ఉందంట గదా. అంకె పైన వేసి కింద అబద్ధాలు రాసినావా?"

"సగం అబద్ధాలే సాబ్."

"మిగతా సగం?"

నేనైతే ఇక్కడ బేరం తెగ్గొట్టేవాణ్ణి. ఆయనకు తెలుగు చదవడం రాదు. రాజు, రాణి అని రెండు ముక్కలు చెప్తే సరుకు విడుదల. నాలుగు కావడానికి ఇంకా గంట ఉంది. నిజం చెప్తే తండ్రి పద్ధతి పోతుంది, అంగడి మాట పోతుంది, పైగా సంచి ఆయన చేతిలోనే ఉంది. ఇంతకంటే చెడ్డ బేరం నేను చూడలేదు.

"మిగతా సగం మీ పరుపుది సాబ్," అంది కౌసర్.

ఐదారు మాటల్లో చెప్పేసింది. విప్పడం, కుళ్ళాయి, పచ్చపూసలు, నాయన మళ్ళీ కుట్టేయడం, తను రాయడం. పేర్లు మార్చానంది. ఊరు మార్చానంది.

సంచి ఆయన భుజం నుంచి కిందికి జారింది. అడుగు నీళ్ళకు తగిలి, నా అంచు ఒకటి తడిసింది. ఆయన చెయ్యి వదిలితే చాలు. వదల్లేదు, పైకీ ఎత్తలేదు.

"ఏ మూలన?" అన్నాడు.

"గోడవైపు సాబ్. తలాపున."

ఆయన నీళ్ళలోంచి నడిచి వచ్చి సంచిని ఇసుక మీద దించాడు.

"నువ్వే విప్పు. కుట్టుపని మీది గదా."

కౌసర్ ముడి పంటితో కొరికి, కొస పట్టి లాగింది. గోనెకుట్టు గొలుసులా ఊడి వచ్చింది. నన్ను తీసి పక్కన పెట్టి, సంచిని మళ్ళీ ఆయన సూదితోనే కుట్టి ఇచ్చింది. ఆయన దాన్ని ఎత్తుకుని వెళ్ళి లోతులో వదిలి, ఒడ్డున నిలబడి దువా చేసి, ఆమె వైపు చూడకుండా ఊళ్ళోకి నడిచాడు.

తపాలాఫీసుకు ఇంకా వేళ ఉంది. ఆమె వెళ్ళలేదు. ఇసుకలో కూర్చుని చివరి రెండు పేజీలు తీసింది. వాటిలో ఆమె కల్పించిన భర్త పరుపు చింపి, కుళ్ళాయిని గుండెలకు హత్తుకుని ఏడుస్తాడు. బాగా రాసిన ఏడుపే అది. ఆ పేజీలను మడిచి పక్కన పెట్టి, పన్నెండో పేజీ అడుగున ఖాళీ ఉన్న చోట రెండు మాటలు రాసి, నా క్లిప్పు మూసింది.

కథ సోమవారం వెళ్ళింది. పండగ సంచిక అప్పటికే నిండిపోయింది. ఏడు వారాల తర్వాత మామూలు సంచికలో, వెనక పేజీల్లో వచ్చింది. హుసేనప్ప నాలుగు రోజులు కూతురితో మాట్లాడలేదు. లతీఫ్ సాబ్ పరుపు మళ్ళీ ఏకడానికి రాలేదు. అది ఇప్పుడు గడ్డలు కట్టి ఉంటుంది. ఆయన దాని మీదే పడుకుంటున్నాడని జేజి చెప్పింది.

నా అంచు ఉబ్బి విడిపోయింది. ఇక కాగితం సమంగా నిలవదు. దబ్బనాల డబ్బా మీద మూతగా ఉంటున్నాను కాబట్టి లెక్క చూసుకునే తీరిక ఉంది. పోయింది పండగ సంచిక, రెండు పేజీల ఏడుపు, నాలుగు రోజుల మాట. వచ్చింది "ఏ మూలన?" అన్న రెండు మాటలు. కల్పించి పెన్సిలుతో రాయాల్సిన అవసరం రానివి.