నీళ్ళు తాగిన బండి

ఎమ్మిగనూరులో చీరల అంగడి మూసిన తరువాత నా దగ్గర మిగిలిన సరుకు ఒక్కటే, కారును మెరిపించే పని. అంగడి బాగా నడిచే రోజుల్లో నాకూ ఒక కారు ఉండేది. ఆదివారం వస్తే దానికి నురుగు పట్టించి, గీతలు పోయేలా పాలిషు కొట్టి, మైనం రుద్దేవాడిని. "చీరకు ఇస్త్రీ అయ్యె, ఇంక కారుకు ఇస్త్రీ" అని వీధిలో వాళ్ళు నవ్వేవారు. నేత చీర అడిగేవాళ్ళు తగ్గి, మిల్లు చీర ఫోనులో బేరమై ఇంటికే వచ్చే కాలం వచ్చింది. అంగడి పోయింది. దాని వెనకే కారూ పోయింది. పాలిషు మిషనును అమ్మజూస్తే ఎవరూ కొనలేదు.

కొననప్పుడు దాన్నే పనిలో పెట్టాలి. ఆదోని రోడ్డులో ఒక రేకుల షెడ్డు బాడుగకు తీసుకున్నాను. పాత సరదాయే కదా, నాలుగు రూపాయలొస్తే లాభమే అని నా భార్య చౌడేశ్వరికి చెప్పాను.

"సరదాకైతే షెడ్డెందుకు?" అంది ఆమె. "బెంగుళూరులో మాయన్న వాచ్‌మన్ పని చూసిపెట్టినాడు. రెండు నెలలు చూస్తా. షెడ్డు బాడుగ కూడా రాకుంటే మూటాముల్లె కట్టుకుని పోదాం."

ఆమె లెక్కలో తప్పు లేదు. కానీ అంగట్లో పరుపు మీద కూర్చుని వచ్చినవాళ్ళకు టీ తెప్పించినవాడిని, ఒకరి గేటు తీసి సలాం కొట్టలేను. మిగతా నష్టాలన్నీ ఓర్చుకున్నాను. ఇది మాత్రం ఓర్వలేను.

షెడ్డులో పని మాత్రం పైకి లేవలేదు. మా బోరు నీళ్ళు ఉప్పు. ఆరితే బండి మీద తెల్లటి మచ్చలు పడతాయి. ఆఖరి కడుగుడుకు తాగేనీళ్ళ క్యాన్లు కొనాలి. మామూలుగా కడిగించుకునేవాడు క్యాను ఖర్చు ఇవ్వడు. బాగా మెరవాలనుకునేవాడు కర్నూలు పోతాడు. రెండో నెల సగమయ్యేసరికి షెడ్డు ఓనరు ఫోను చేస్తే ఎత్తడం మానేశాను.

అప్పుడు పాత కార్ల బ్రోకరు ఓబుళేశు ఒక తెల్ల కారు తెచ్చాడు. తలుపు తీయగానే ఒండ్రు, మురుగు కలిసిన వాసన కొట్టింది.

"యాడిదిది?"

"బెజవాడది."

"వరదలో మునిగినాదా?"

"మునిగితే ఏమప్పా? మనది కరువు సీమ. మునిగిన బండి వాసన ఈడ ఎవనికి తెలుసు? తడిసిన గోనెసంచి అనుకుంటారు. నువ్వు వాసన తీసేయ్. ఇది కుదిరితే నెలకు మూడు నాలుగు బండ్లు నీ షెడ్డుకే."

మూడు నాలుగు బండ్లంటే బాడుగ పోను ఇల్లు కూడా గడుస్తుంది. ఒప్పుకున్నాను.

సీట్లు ఊడదీశాను. కింద పరిచిన గుడ్డ లేపితే మట్టి బిళ్ళలు బిళ్ళలుగా వచ్చింది. అన్నీ కడిగి మా ఎండలో పరిచాను. ఎండ ఒక్కటే ఇక్కడ ఉచితం. బొగ్గు మూటలు పెట్టి వాసన లాగించాను. పైన పాలిషు కొట్టేసరికి బండి పాలమీగడలా తేలింది. వైర్ల కొసలకు పట్టిన పచ్చటి చిలుమును మాత్రం ముట్టుకోలేదు. కంటికి కనపడేంతవరకే నా బేరం.

బండి కొనేవాడు ఓబుళేశు కోసం ఆగకుండా నేరుగా షెడ్డుకే వచ్చాడు. పేరు సుంకన్న, పత్తికొండ. నాకోసం సంచీలో టమాటాలు తెచ్చాడు.

"మార్కెట్టుకు తీసకపోతే బాడుగ కూడా రాలేదన్నా. రోడ్డు మీద పారబోసేదానికంటే నువ్వు పప్పులో వేసుకో" అన్నాడు. పొలం కుదువ పెట్టి ఓబుళేశుకు అడ్వాన్సు ఇచ్చాడట. ఈ బండిలో రైలు దిగే భక్తులను మంత్రాలయం మఠానికి తిప్పుకుంటాడట. టీ తెప్పించాను. తాగుతూ బండి చుట్టూ తిరిగి వచ్చాడు.

"బ్రోకరు మాట నేను నమ్మనన్నా. నువ్వు లోపలా బయటా చేయి పెట్టినోనివి. పిల్లోల్ని, ముసలోల్ని ఎక్కించుకుని తిప్పల్ల. నువ్వు చెప్పు, బండి ఎట్లుండాది?"

బాగుందంటే షెడ్డు నిలుస్తుంది. లేదంటే బెంగుళూరు గేటు. మధ్యలో మూడో జవాబు కోసం వెతికాను. చీరల అంగట్లో అది ఎప్పుడూ దొరికేది. రంగు పోతుందా అని అడిగితే, మొదటిసారి ఉప్పు నీళ్ళలో ముంచమ్మా అనేవాడిని. ఇక్కడ అలాంటిది దొరకలేదు.

"నీళ్ళు తాగిన బండి సుంకన్నా."

టీ గ్లాసు కింద పెట్టాడు. "యాడిదాంకా?"

"సీట్ల దాంకా."

అక్కడి నుంచే ఓబుళేశుకు ఫోను చేశాడు. అతను మోటారుసైకిల్ మీద వచ్చాడు, దిగను కూడా దిగలేదు. "అడ్వాన్సు వాపసు లేదు. బండన్నా తీసుకో, దుడ్లన్నా వదులుకో" అని సుంకన్నకు చెప్పి నావైపు తిరిగాడు. "అన్నం పెట్టబోతే దాంట్లో మన్ను పోసుకుంటివి కదప్పా. నీ వాకిట్లో నా బండి ఇంక నిలవదు."

అతను పోయాక సుంకన్న నీళ్ళ డ్రమ్ముకు ఆనుకుని కూలబడ్డాడు.

"ఎందుకు చెప్పినావన్నా?"

"నువ్వడిగితివి."

"చెప్తే అడ్వాన్సు ఇయ్యకముందే చెప్పల్ల. ఇచ్చినాక చెప్పనే కూడదు."

వ్యాపారంలో అది న్యాయమైన మాటే.

సుంకన్న లేచి బండిలో ఏసీ వేసి, గాలి దగ్గర ముక్కు పెట్టి చూసి, ఆపాడు.

"అడ్వాన్సు వదిలితే పొలం పోతాది. బండి తీసుకుంటా. కానీ నేను తోలను, కడప దిక్కు అమ్మేస్తా. ఏసీలో ఇంకా కొంచెం వాసన వస్తాండాది. అది తీసేయ్. ఓబుళేశు ఇచ్చేదానికంటే ఎక్కువే ఇస్తా."

"ఎవరికి అమ్ముతావు?"

"తెలీనోనికి."

"పొద్దున నువ్వూ నాకు తెలీదు."

"నాకు తెలిసి ఏమాయె అన్నా? ఇంకొకనికి తెలిస్తే ఏమైతాది?"

నేను కాదంటే కర్నూలులో ఇంకొకడు చేస్తాడు. ఈ లెక్క నాకు నచ్చలేదు, కానీ ఎటు తిప్పినా అదే వస్తోంది. అప్పుడే చౌడేశ్వరి ఫోను చేసింది. "మాయన్న అడుగుతాండాడు, ఏం చెప్పల్ల?"

"ఈ నెల బాడుగ కడతాండా అని చెప్పు" అన్నాను.

స్క్రూడ్రైవరు తీసుకుని బండిలో కూర్చున్నాను. ఏసీ గాలి వచ్చే జాలీ ఊడదీస్తే లోపల ఎండిన ఒండ్రు పొడిపొడిగా రాలింది. సుంకన్న తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు.

"చేస్తా. ఒకటే మాట" అన్నాను. "కొనేటోన్ని ఈ షెడ్డు కాడికి తీసుకురావద్దు. వాని మొగం నాకు చూపించొద్దు."

"తీసుకురానులే అన్నా" అన్నాడు సుంకన్న. "నేను వచ్చిందే తప్పాయె."