అరచేయంత గాయం

కాలిన గాయాల వార్డులో, సెలైన్ పోసి నానబెట్టిన కట్టును నర్సు సలోమి పొర పొరగా విప్పుతోంది. పుండు నుంచి గాజుగుడ్డ ఊడేటప్పుడు ఏ బిడ్డయినా వార్డు దద్దరిల్లేలా ఏడుస్తుంది. ఈ రెండేళ్ల పాప ఏడవలేదు. నిన్న ఇదే పాప ఆమె ముంజేయి కొరికింది.

వేడి చాయ్ ఒలికి మూడు రోజులైంది. మోచేతి కింద అరచేయంత గాయం. చీము లేదు, వాసన లేదు. కానీ పొట్ట మీద, వీపు మీద ఎండకు కమిలినట్టు ఎరుపు. ఒళ్లు కాలిపోతోంది, పాదాలు మాత్రం చల్లగా ఉన్నాయి. పొద్దుటి నుంచి నాలుగు విరేచనాలు.

డ్యూటీ డాక్టరు జ్ఞానశేఖర్ అప్పటికే డిశ్చార్జి కాగితం రాసేశాడు.

"సార్, ఈ పిల్లకు విషమెక్కుతున్నది. జెర చూడండి."

"చెమటకాయలు. గాయం శుభ్రంగానే ఉందిగా? ఇరవై ఏళ్లు కట్లు కట్టినంత మాత్రాన డాక్టరువి కావు. కట్టు కట్టి పంపించు."

పాప తండ్రి, బ్రహ్మచారి అనే మెట్టుగూడ వడ్రంగి, విసురుగా ముందుకొచ్చాడు. "డాక్టర్ సాబే పొమ్మంటుంటే నడుమ నీ లొల్లి ఏంది? బిడ్డను ఇటియ్యి."

సలోమి అంటే ఆ వార్డులో ఎవరికీ పడదు. పొయ్యి నేల మీద ఎందుకు పెట్టావని కన్నీళ్లతో ఉన్న తల్లులనే తిట్టే మనిషి. మల్కాజ్‌గిరిలో ఒంటిగది, లోకల్ రైలు, ఈ వార్డు. అంతే ఆమె బతుకు. తొమ్మిదేళ్ల కిందట ఇంతే గాయంతో ఒక పిల్ల ఇలాగే మూగగా పడుకుంది. నిద్రమత్తనుకుని కట్టు కట్టి పంపింది. మర్నాడు ఆ పిల్ల శవమై వచ్చినప్పుడు ఆమె కట్టిన కట్టు చెక్కుచెదరలేదు.

పాపను దుప్పట్లో చుట్టి మెట్లెక్కింది. వెనకనుంచి బ్రహ్మచారి భుజం పట్టి గుంజాడు. రవిక చిరిగింది. ఆగలేదు.

పై అంతస్తులో పెద్ద డాక్టరు మేబెల్ పాప గోరు నొక్కి చూసింది. పాలిపోయిన గోటికి ఎంతకీ రంగు తిరిగి రాలేదు.

"గాయం చిన్నదే, అందులో చేరిన క్రిమి చిన్నది కాదు. దాని విషం రక్తంలో కలిసింది. ఐసీయూకి, వెంటనే!"

నాలుగింటికి ఆర్డరు వచ్చింది. అనుమతి లేకుండా పేషెంటును తీసుకుపోయినందుకు రేపటి నుంచి సలోమికి వెనక భవనంలోని బట్టల స్టోరుకు బదిలీ. మేబెల్ కల్పించుకోలేదు. ఆమె ఆర్డరు మీద సంతకం పెట్టి ఐసీయూ తలుపు దగ్గరికి వెళ్లింది.

"మల్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు బ్రహ్మచారి.

"ఏడ్చిందా?"

"ఏడ్వదా మరి? ఇప్పుడే కండ్లు తెరిచింది. సూదులతోని పొడుస్తుంటే ఒకటే ఏడుపు. అంతా నీ వల్లనే."

"ఏడ్వనియ్యి," అంది సలోమి. వచ్చిన దారినే మెట్లు దిగి, రైలు వేళ కావడంతో స్టేషన్ వైపు నడిచింది.

డ్రెస్సింగు గది కిటికీ గట్టు మీద మూత తీయని స్టీలు టిఫిన్ డబ్బా ఉండిపోయింది. దాని మీద చుక్కలుగా కొట్టిన అక్షరాలతో సలోమి పేరు.