మిగులు కొత్త కాపురానికి

సొసైటీ హాలు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది నేనొక్కణ్ణే అనుకున్నాను. కుర్రకారంతా బూట్లతో, జూలై వానలో తొక్కొచ్చిన ఎర్రమట్టితో సహా, టకటకా నడుచుకుంటూ పోయి కంప్యూటర్ల ముందు కూర్చున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కంప్యూటరున్న గదిలోకి చెప్పులతో పోవడమేమిటండీ? అరకు స్టేషన్ రోడ్డులో నేను కంప్యూటర్ సెంటర్ నడిపిన రోజుల్లో ఆ పని ఎవడైనా చేసుంటే వాడి చెవి నా చేతిలో ఉండేది.

నా పేరు వరహాలరావు. సొంతూరు పార్వతీపురం. పదిహేనేళ్ళ పైమాట, మూడు పాత కంప్యూటర్లు లారీ మీద వేసుకుని ఈ కొండ మీదికొచ్చాను. కింద ఊళ్ళలో అందరూ సీ, జావా అంటుంటే నేను పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్పాను. కారణం గొప్పదేం కాదు. అది ఉచితం, పైగా నా ముసలి కంప్యూటర్ల మీద మొరాయించకుండా నడిచేది. తరవాత పిల్లలు విశాఖ బస్సెక్కి పెద్ద కోచింగులకి పోవడం మొదలుపెట్టారు. సెంటర్ మూతపడింది. ఆ గదిలోనే ఇప్పుడు మా ఆవిడ కనకమహాలక్ష్మి ఫ్యాన్సీ షాపు పెట్టుకుంది. కీబోర్డులుండే అరలో గాజులున్నాయి.

నేను రాసిన వాటిలో ఇంకా ఊపిరి పీలుస్తున్న ప్రోగ్రామ్ ఒక్కటే. ఏటా తొలకరిలో ఈ కాఫీ రైతుల సొసైటీ గూడేలకు మిరియాల మొక్కలు పంచుతుంది. ఏ గూడేనికి ఎన్నొచ్చాయి, ఇంటికెన్ని అనేది నా ప్రోగ్రామే తేలుస్తుంది. మొన్న సొసైటీ వాళ్ళు కొత్త కంప్యూటరు కొన్నారు. దాని మీద పాత పైథాన్ ఎక్కదు. పాత వెర్షన్‌ని పుట్టించినవాళ్ళే వదిలేసి ఏళ్ళయింది మరి.

సెక్రటరీ సింహాచలం మంచివాడే, కానీ మాట కుండబద్దలు కొట్టినట్టు చెబుతాడు. "మేస్టారూ, పాత ప్రోగ్రాముల్ని కొత్త దాన్లోకి మార్చడం నేర్పడానికి విశాఖ కంపెనీ వోలు మన హాల్లోనే ట్రైనింగ్ పెడతన్నారు. మీరూ కూకోండి. సాయంత్రానికి మీది నడిస్తే మీదే ఉంటాది. లేదంటే ఆ కంపెనీకే ఇచ్చేత్తాం. రేపు పొద్దున మొక్కలు పంచాల," అన్నాడు.

అదీ సంగతి. అది కూడా పోతే ఈ కొండ మీద నేను చేసిన పనంటూ ఏదీ మిగలదు. గాజులమ్మే ఆవిడ మొగుణ్ణి, అంతే.

ఇంతకీ నేర్పడానికి వచ్చింది ఎవరనుకున్నారు? సోని! అనంతగిరి వైపు గూడెం పిల్ల. మా సెంటర్లో కిటికీ పక్కన కూర్చుని, కరెంటు పోయినప్పుడల్లా "ఇప్పుడేటి సేద్దాం సార్?" అని నా ప్రాణం తీసిన గుంట. ఇప్పుడు మెడలో కంపెనీ కార్డు, చేతిలో రిమోటు. నన్ను చూడగానే హాలంతా వినేట్టు "నమస్తే సార్!" అంది. నేను నా బింకం కొద్దీ "నమస్తే మేడమ్" అన్నాను. పాపం, దాని మొహం చిన్నబోయింది.

క్లాసు మొదలైంది. మొదటి పాఠంలోనే నాకు తిక్క రేగింది. ఇన్నేళ్ళూ ప్రింట్ అని రాసి పక్కన మాట పెడితే హాయిగా తెరమీద పడేది. ఇప్పుడు ఆ మాటకి అటో బ్రాకెట్టు, ఇటో బ్రాకెట్టు తొడగాలట. ఏం, అవి లేకపోతే చలేస్తుందా దానికి? నా వేళ్ళు పాత అలవాటుకొద్దీ పోవడం, తెర ఎర్రగా తప్పు చూపించడం. పక్క సీట్లో సందీప్ అని విశాఖ కుర్రాడు వంగి చూసి, "అంకుల్, మళ్ళీ బ్రాకెట్ మర్చిపోయారు," అన్నాడు. ప్రతిసారీ అన్నాడు. నేను పళ్ళు నూరుకుంటూ బ్రాకెట్లు తొడుగుతూ కూర్చున్నాను. ముందు సోని బోర్డు మీద భాగహారం గురించి ఏదో చెబుతోంది. భాగహారం నాకు నేర్పేదేమిటిలే అని తలెత్తలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఎవరి ప్రోగ్రామ్ వాళ్ళు మార్చుకోవాలి. సోని అందరికీ ఒకటే చెప్పింది. "చేతులు మీవే. నేను పక్కనుంటాను గానీ ఎవరి కీబోర్డూ ముట్టుకోను." ఆ మాట నాదే. మా సెంటర్లో నేను రోజూ అనేవాణ్ణి. నేను ఓసారి దగ్గి తెర వైపు తిరిగాను.

బ్రాకెట్లన్నీ తొడిగి ప్రోగ్రామ్ నడిపాను. నడిచింది! కుర్చీలోంచి లేవబోయి, తెర చూసి మళ్ళీ కూలబడ్డాను. అన్నిటికంటే పైన సోని వాళ్ళ గూడెమే ఉంది: ఐదిళ్ళు, పద్దెనిమిది మొక్కలు, ఇంటికి మూడు పాయింట్ ఆరు మొక్కలట. మొక్కని కొడవలితో నరికి పంచమంటుందేమిటిది? అది పోనీ, అడుగున ఉండే మిగులు వరసలో సున్నా ఉంది. ఒక గూడేనికి కాదు, అన్ని గూడేలకీ సున్నాయే.

ఆ మిగులు వరస సంగతి మీకు చెప్పాలి. మా సెంటర్లో కరెంటు ఉన్న గంటలకంటే పోయిన గంటలే ఎక్కువ. అందుకని నేను పిల్లల్ని కింద గుండ్రంగా కూర్చోబెట్టి చింతపిక్కలతో ప్రోగ్రాములు నడిపించేవాణ్ణి. పిల్లలే కంప్యూటరు, పిక్కలే అంకెలు. బయట మంచు దిగి రోడ్డు కనిపించేది కాదు, లోపల పిక్కల చప్పుడు, పిల్లల కేకలు. కిరండూల్ పాసింజరు రైలు వచ్చి పోయినా ఎవరికీ తెలిసేది కాదు. అబ్బ, ఏం రోజులండీ అవి! అలా ఒకసారి పద్దెనిమిది పిక్కలు ఐదుగురికి పంచమన్నాను. తలా మూడొచ్చాయి, నా గుప్పిట్లో మూడు మిగిలాయి. "మిగిలినవి వదిలేయండి, కంప్యూటరు కూడా వదిలేస్తుంది," అన్నాను.

కిటికీ పక్కనుంచి సోని లేచింది. "వదిలీకూడదు సార్. మా ఊళ్ళో ఏది పంచినా మిగిలింది కొత్త కాపురానికి ఇచ్చేత్తారు."

ఇదేదో బాగుందని తరవాతి వారం దాని వెంట గూడేనికి వెళ్ళాను. వాళ్ళ తాత పేరు గాసి, చోడి అంబలి, అదే రాగంబలి, ఇచ్చి కూర్చోబెట్టాడు. "పాత ఇళ్ళకి కోళ్ళున్నాయి, దుంపలున్నాయి. ఈ యేడు పెళ్ళి సేసుకున్నోలకి ఏటుంది బాబూ? అందుకే మిగులు ఆల్లది," అన్నాడు. అంతే, సొసైటీ ప్రోగ్రామ్‌లో ఆ పద్ధతి పెట్టేశాం. వాటా తేల్చే వరస నేను రాశాను. పంచగా మిగిలినవి కొత్త కాపురానికి రాసే మిగులు వరస సోని చేత కొట్టించాను. అది కీబోర్డు మీద సొంతంగా రాసిన మొదటి వరస అదే. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ కొడుతుంటే సెంటరంతా ఊపిరి బిగబట్టి చూసింది.

ఇప్పుడా వరస సున్నా అంటోంది.

సందీప్ జాలిపడ్డాడు. "సింపుల్ అంకుల్. రౌండ్ చేసేయండి. మూడు పాయింట్ ఆరుని నాలుగు చేస్తే నీట్‌గా ఉంటుంది."

చేశాను. వాటాలు నీట్‌గానే వచ్చాయి. మిగులు మాత్రం మైనస్ రెండు అని వచ్చింది. అంటే ఇప్పుడు కొత్త కాపురం వాళ్ళ పెరట్లోంచి రెండు మొక్కలు పీక్కురావాలన్నమాట! గాసి ముసలాయన ఉంటే నన్ను కొండ దిగేదాకా తరిమేవాడు. సందీప్ నవ్వాపుకోలేక అటు తిరిగాడు. నాకూ నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. గడియారం నాలుగు దాటింది.

ఆ రౌండ్ తీసేసి, సోని రాసిన వరసని పది రకాలుగా తిప్పి చూశాను. చిన్నపిల్ల రాసింది, అక్కడే ఏదో ఉండుంటుందని నా అనుమానం. పైనున్న నా వరసని మాత్రం అనుమానించలేదు. వాటా తేల్చే వరస కదా, అది నాది, దానికేమవుతుంది? ఎంత వెతికినా దొరకలేదు. ఆఖరికి చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నాను. ఇచ్చేద్దాం, కంపెనీకే ఇచ్చేద్దాం, నా కాలం అయిపోయింది అనుకున్నాను.

అడుగుల చప్పుడు లేకుండా ఎప్పుడొచ్చిందో, సోని నా పక్కన నిలబడి ఉంది. సొసైటీ వాళ్ళు నలుగురూ చూడ్డానికి పెట్టిన పళ్ళెంలోంచి పద్దెనిమిది కాఫీ గింజలు లెక్కపెట్టి తెచ్చి నా కీబోర్డు ముందు పోసింది.

"ఐదుగురికి పంచండి సార్," అంది.

"ఏటే గుంటా, ఎగతాళా?" అన్నాను. మేడమ్ అనడం మర్చిపోయాను.

"కరెంటు పోయిందనుకోండి. పంచండి."

పంచాను. బల్ల మీద ఐదు చిన్న కుప్పలు. ఒక్కోటి పెడుతుంటే వేళ్ళకి పాత రోజులు గుర్తొచ్చాయి. తలా మూడు పెట్టాక గుప్పిట్లో మూడు మిగిలాయి. నాలుగోసారి పెట్టడానికి చాలవు.

"ఇప్పుడేటి సేత్తారు? గింజని కొరికి ముక్కలు పెడతారా?"

"ఎందుకు కొరుకుతానే? మిగిలినవి మిగిలినట్టే..." అంటూ ఆగిపోయాను. గింజని నేను కొరకను. పాత పైథాన్ కూడా కొరికేది కాదు. ముక్కలొస్తే వదిలేసి పూర్తి అంకె మాత్రమే ఇచ్చేది. ఈ కొత్తది కొరుకుతోంది! చివరి ముక్క దాకా పంచేస్తోంది, ఇంక మిగులెక్కడిది? తప్పు పిల్ల రాసిన వరసలో లేదు, పైన నా వరసలో ఉంది. భాగహారం గీత ఒకటే ఉంది అక్కడ.

"పొద్దున బోర్డు మీద చెప్పింది ఇదేనా?"

"ఇదే సార్. పూర్తి అంకె కావాలంటే రెండు గీతలు పెట్టాలని చెప్పాను. మీరేమో కోపంగా బ్రాకెట్లు పెట్టుకుంటన్నారు."

ఆ గీత పక్కన ఇంకో గీత కొట్టాను. నడిపాను. ఇంటికి మూడు. మిగులు మూడు. కిందనే, మిగులుంటేనే పేర్లు చూపించే సోని చిన్నప్పటి వరస, బ్రాకెట్లు తప్ప ఒక్క అక్షరం మారకుండా, ఈ యేటి పేర్లు చూపించింది: కొత్త కాపురం, ఫల్గుణ, స్వర్ణ.

ఫల్గుణ! సోని వేలు పట్టుకుని మా సెంటర్ దాకా వచ్చి, వాకిట్లో గోలీలాడుకుంటూ కూర్చునే దాని తమ్ముడు.

"మీ ఫల్గుణకి పెళ్ళయిందా? ఈ మొక్కలు వాడివా? మరి పొద్దుట్నుంచీ నోరు మెదపవేం?"

"సెప్తే మీరు తప్పు ఎతకరు సార్. బేగి ఆడి పేరు పక్కన సేత్తో మూడు అని ఏసేత్తారు. మీ సంగతి నాకు తెలీదా?"

నిజమే మరి, వేసేసేవాణ్ణే.

ఐదింటికి సింహాచలం గొడుగు దులుపుకుంటూ వచ్చాడు. "నడిసిందా మేస్టారూ?" అన్నాడు. నేను తెర అతని వైపు తిప్పాను. అతను ఒక్కో గూడెం పేరూ వేలు పెట్టి చూసుకుని, "అయితే మీ దగ్గరే ఉండనీండి. రేపు పొద్దున్నే వచ్చీండి, మొక్కల దగ్గర మీరే ఉండాల," అన్నాడు. సందీప్ చప్పట్లు కొట్టాడు. "సూపర్ అంకుల్!" అన్నాడు. ఈసారి ఆ అంకులు నాకు అంత చేదుగా అనిపించలేదు.

కంప్యూటరు కట్టేసి బయటికొచ్చాను. వాన తగ్గింది, కొండ మీంచి మంచు దిగుతోంది. గుమ్మం దగ్గర నా హవాయి చెప్పుల కోసం చూశాను. వాటి పక్కనే గోడకి ఆనించి ఓ జత ఆడపిల్ల బూట్లున్నాయి, మేజోళ్ళు లోపల కుక్కి. పొద్దున నేను వచ్చినప్పుడు కూడా అవి అక్కడే ఉండుండాలి. కోపంలో కనబడలేదు.

వెనక్కి తిరిగి హాల్లోకి చూశాను. నీళ్ళతో తడిసిన గచ్చు మీద సోని ఉత్త పాదాలతో బల్లల మధ్య తిరుగుతూ, చెదిరిన కాఫీ గింజలు ఏరి పళ్ళెంలో పోస్తోంది. పొద్దుట్నుంచీ ఆ చలిగచ్చు మీద అలాగే నిలబడి పాఠం చెప్పిందా పిల్ల.

నాకు ఏడుపొచ్చింది. ఏం, రాకూడదా? చెప్పులు వేసుకోకుండా అలాగే లోపలికి వెళ్ళి, దాని పక్కన కూర్చుని మిగిలిన గింజలు ఏరాను.