బాతుల సభ

“చేతులు చాపు, ముసలాయనా.” రాజుగారి బంటు క్రౌచ్ సంచిలోంచి తాడు తీశాడు.

ఆంబ్రోస్ టిండల్ చేతిలో కాఫీ గిన్నె ఇంకా సగం నిండుగానే ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు. కాఫీ హౌస్‌లో ముప్పైమంది ఉన్నారు.

“ఏం చేశాడయ్యా ఆయన?” గల్లాపెట్టె వెనక నుంచి అడిగింది హెస్టర్ పార్జిటర్. ఆ కాఫీ హౌస్ ఆవిడదే.

“‘బాతుల సభ’ రాశాడు. వెక్స్‌కమ్ ప్రభువుని లండనంతా నవ్విపోయేలా చేశాడు. ప్రభువుగారి తమ్ముడి కొడుకు వారెంటు పుట్టించాడు. బొండకొయ్య తప్పదు.”

బొండకొయ్యంటే మెడా చేతులూ చెక్కల మధ్య బిగించి నాలుగు వీధుల కూడలిలో నిలబెట్టడం. జనం కుళ్లిన గుడ్లతో మొదలుపెట్టి రాళ్లతో ముగిస్తారు. ఆంబ్రోస్‌కి అరవై ఎనిమిదేళ్లు. కిందటేడు అతని కన్నా వయసులో చిన్నవాడే ఆ చెక్కల్లో ప్రాణం వదిలాడు.

“నేను రాయలేదు బాబూ.”

వెనక బల్ల దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. “పది రోజులుగా పొగుడుతుంటే మురిసిపోయారుగా టిండల్ గారూ! ఇప్పుడు నాది కాదంటే ఎలా?”

అదీ చిక్కు. పేరు లేని కాగితాల కట్ట ఒకటి కాఫీ హౌస్‌కి వచ్చింది. అలా వచ్చినవి అందరికీ చదివి వినిపించడం ఎప్పుడూ ఆంబ్రోస్ పనే. ఒక ప్రభువు పార్లమెంటు పెద్ద సభలో నలభై ఏళ్లు నోరు విప్పలేక, ఇంటికెళ్లి చెరువుగట్టున బాతులకు ఉపన్యాసాలిస్తాడు. బాతులు ఓట్లేస్తాయి. మార్జరీ అనే కుంటి బాతు మాత్రం చివరిదాకా వింటుంది. అదీ కథ. జనం పడీపడీ నవ్వారు. అచ్చువేసేవాడు కాగితాలు అక్కడికక్కడే పట్టుకుపోయాడు. అచ్చయి వచ్చాక రోజూ మళ్లీ చదివించుకున్నారు. “ఇది మీదే కదూ?” అని అందరూ అడిగారు. పదిహేనేళ్లుగా తన రాతని మెచ్చినవాడు లేడు. ఆంబ్రోస్ చిన్నగా నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వే ఇప్పుడు తాడై మణికట్లకు చుట్టుకుంటోంది.

“నడువు,” అన్నాడు క్రౌచ్ ముడి బిగించి.

“ఒక్క మాట!” ఆంబ్రోస్ గల్లాపెట్టె వైపు తిరిగాడు. “హెస్టరమ్మా, ఆ కట్ట నీకెలా చేరింది?”

“టపాలో. పల్లెల నుంచొచ్చే టపా.”

“టపా కూలి ఎంత కట్టావు?”

ఉత్తరం ఎవరికొస్తే కూలి వాళ్లే కట్టుకోవాలి. హెస్టర్ లెక్కల పుస్తకం తిరగేసింది. “కట్టలేదు! ఆ రోజు టపావాడు అడగనే లేదు!”

గదిలో కలకలం రేగింది. కూలి లేకుండా ఉత్తరాలు నడిచేది పెద్ద సభ, చిన్న సభల వాళ్లకే. పై కాగితం మీద సంతకం గీకితే చాలు. పేరు దాచి రాసినవాడు అలవాటు కొద్దీ పైన సంతకం పెట్టేశాడు! పుట్టి బుద్ధెరిగాక ఉత్తరానికి కూలి ఇవ్వడమనేది ఎరగని మనిషి తప్ప ఆ పొరపాటు ఇంకెవరు చేస్తారు?

“పై కాగితం ఏం చేశావు?”

“ఏం చేస్తాను? చీల్చి, పుల్లల్లా మెలితిప్పి, పొగాకు గొట్టాలు ముట్టించుకునే కాగితం పుల్లల కుండలో వేశాను.”

ఆవిడ కుండ బోర్లించింది. ఆంబ్రోస్ నేల మీద చతికిలబడి, కట్టిన చేతులతోనే పుల్లలు విప్పసాగాడు. సరుకుల జాబితా. పాత ప్రకటన. మళ్లీ జాబితా. క్రౌచ్ చెప్పుతో నేల తడుతున్నాడు.

పదకొండో పుల్ల దగ్గర ఆంబ్రోస్ వేళ్లు ఆగాయి.

సంతకం చదివాడు. మళ్లీ చదివాడు. అప్పుడు గుర్తొచ్చింది, కథ చదివిన ప్రతిసారీ కిటికీ పక్క మూల నుంచి ఒక నవ్వు అందరికన్నా ముందు వినిపించేది. హాస్యం తన నోట్లోంచి ఇంకా బయట పడకముందే! తలెత్తి చూశాడు. గోధుమరంగు కోటు, పాత విగ్గు, ముసలి మొహం. పేరెవరూ అడగలేదు. ఇక్కడ ఎవరి కోసమూ ఎవరూ లేచి నిలబడరు. ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే పద్ధతి. ఆ మొహం ఇప్పుడు సున్నం కొట్టినట్టుంది.

“దొరికిందా? చదువు!” అన్నాడు క్రౌచ్.

చదివితే తాడు ఊడుతుంది. కానీ ఆంబ్రోస్ పుల్లని మళ్లీ మెలితిప్పాడు. పది రోజులు ఆ మనిషి ఈ మూల కూర్చుని, తన మాటలకు జనం నవ్వుతుంటే తాగినవాడిలా మత్తుగా విన్నాడు. ఆ పొగడ్తలు దొంగిలించింది ఆంబ్రోసే.

లేచి వెళ్లి పుల్లని ఆయన ముందు పెట్టాడు. పక్కనే కొవ్వొత్తి వెలుగుతోంది.

“తమ సొత్తు అయ్యా. ముట్టించుకుంటారో, చదువుతారో తమ ఇష్టం.”

“టిండల్ గారూ, మతి పోయిందా?” హెస్టర్ కేక పెట్టింది.

మూలనున్న ముసలాయన పుల్ల తీసుకున్నాడు. అది మంట దాకా వెళ్లింది. అంచు నల్లబడింది. ఆయన చూపు ఆంబ్రోస్ మణికట్ల మీద ఒరుసుకుపోయిన చర్మం దగ్గర ఆగింది. చేయి వెనక్కి వచ్చింది.

“ఆ తాడు విప్పవయ్యా,” అన్నాడు. “మావాడు వారెంటు తెచ్చాడంటే బెదిరింపుకేలే అనుకున్నాను. చెప్పుకోడానికి సిగ్గేసింది.”

“తమరెవరు?” క్రౌచ్ గుర్రుమన్నాడు.

“మార్జరీ నిజం బాతే నాయనా. కిందటి చలికాలం పోయింది. ఆ తర్వాత నా మాట వినేవాళ్లు లేక రాశాను.” ఆయన లేచి నిలబడ్డాడు. నలభై ఏళ్లు మాట పెగలని ఆ గొంతు ఈసారి గది చివరిదాకా వినిపించింది. “వెక్స్‌కమ్ ప్రభువుని వెక్కిరించిన దోషి వెక్స్‌కమే. రాసింది నేనే!”