ఎడమ మీట

మనిషి చేసే పనిని రెండుగా విడదీయడం నా ఉద్యోగం. ఏదో కావాలని చేసేది ఒక కుప్ప, అలవాటుగా జరిగిపోయేది మరో కుప్ప. మహబూబ్‌నగర్ అంచున, మత్తుమందు కలిపిన కల్లుకు బానిసలైనవాళ్లను మాన్పించే కేంద్రంలో నాకొక గది ఇచ్చారు. అందులో ఒక కంప్యూటరు, రెండు మీటలు, రెండు డబ్బాలు. ఎడమ మీట నొక్కుతూ ఉంటే మురుకు వస్తుంది, కుడిది నొక్కుతూ ఉంటే పల్లీపట్టీ. రెండు రోజులు నొక్కించి, తినిపించి నేర్పుతాను. మూడో రోజు "ఇక చాలు" అనేదాకా మురుకులు పెట్టి, మళ్లీ మీటల ముందు కూర్చోబెడతాను. అప్పుడు ఏదీ రాదు. గెలిచినవి చివర్లో ఇస్తామని మాత్రం చెబుతాను. కడుపు నిండినవాడు ఎడమ మీట వదిలేస్తే, ఆ చెయ్యి ఫలితం కోసం కదులుతోందని అర్థం. వదలకపోతే దానికి ఫలితంతో పనిలేదు. దాని దారిన అది పోతుంది.

యాదగిరి ఆటో నడిపేవాడు. మక్తల్ దగ్గరి ఊరు. దసరాకు ముందు పెద్దకూతురు రూపకు జ్వరం ముదిరితే, వెనక సీట్లో పడుకోబెట్టి దవాఖానకు బయల్దేరాడు. ఎనిమిదేళ్ల పిల్ల. చౌరస్తాలో నేరుగా పోవలసిన ఆటో కల్లు డిపో వైపు మళ్లింది. మధ్యాహ్నం మూడింటికి ఎవరో దుప్పటి తీసి చూసేసరికి పిల్ల చల్లబడి ఉంది.

నా పరీక్షలో మూడో రోజు, కేంద్రంలో అతనికి ఇరవై ఒకటో రోజు, ఆఖరి రోజు. భార్య నవనీత చిన్నకూతురు స్నిగ్ధను తీసుకొని వచ్చి వరండాలో కూర్చుంది. నేను అటు పోతుంటే లేచి నిలబడింది.

"సారు, నాకొక్కటే ముచ్చట చెప్పుండ్రి. ఆ దినం గీయన తెల్సి పోయిండా, తెల్వక పోయిండా?"

"తెలిస్తే ఏం చేస్తావమ్మా?"

"ఇంటికి తోల్కపోవాల్నా, పిల్లను తీస్కొని మా తల్లిగారింటికి పోవాల్నా, గది తేలుతది. రేపు నేను పత్తి ఏరనీకి పోతే గీ పిల్ల ఆయన కాడ్నే ఉండాలె గద."

నా పరీక్ష వందమంది సగటు గురించి ఏదో చెప్పగలదు. ఒక మనిషి ఒక మధ్యాహ్నం ఏం చేశాడో చెప్పలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా "సాయంత్రం చెబుతాను" అన్నాను. ఎవరైనా నన్ను ఏదైనా అడిగి చాలా కాలమైంది.

అటెండరు లచ్చయ్య మురుకుల ప్లేటు తెచ్చి యాదగిరి ముందు పెట్టాడు.

"తిను బావా, సిగ్గువడకు. డిపోల ఎవడన్న గింత బతిమాలి పెట్టిండా?"

"డిపోల ఏంది, మా అత్తగారింట్ల గూడ పెట్టలే," అని యాదగిరి నవ్వాడు. పదకొండో మురుకు దగ్గర ప్లేటు పక్కకు జరిపాడు. "ఇగ ఒద్దు సారు. గొంతు దాక అయింది. ఇంకొక్కటి తింటే కక్కుడే."

మీటల ముందు కూర్చోబెట్టాను. ఎడమ మీట మీద చెయ్యి పడింది. పడి, ఇక లేవలేదు. మూడు నిమిషాల్లో ఎడమది రెండు వందల పద్నాలుగు సార్లు, కుడిది ఒక్కసారి కూడా కాదు. ముఖంలో తొందర లేదు, ఆశ లేదు. గేరు మార్చే చెయ్యిలా అది దాని పని చేసుకుపోయింది.

"సారు, నొక్కినయన్ని లెక్కనేనా?" అని అడిగాడు.

"లెక్కే," అన్నాను, తెర మీది నుంచి కళ్లు తీయకుండా.

వరండాలోకి వచ్చి నవనీతకు చెప్పాను. వీలైనంత మెత్తగా చెప్పాను, ఆమెకు ఊరట ఇస్తున్నాననుకొని.

"తెలిసి పోలేదమ్మా. అలవాటు లాక్కుపోయింది. కడుపు నిండినా ఆ చెయ్యి ఆగలేదు."

ఆమె స్నిగ్ధ వైపు చూసింది. "అంటే, ఒద్దనుకున్నా గది ఆగదన్నట్టు."

"ఆగడం కష్టం."

"తెల్సి పోయినోడైతే తిట్టొచ్చు సారు. కొట్టొచ్చు, కాళ్లు పట్టుకొని ఒద్దని మొక్కొచ్చు. తెల్వక పోయే చేతికి ఏం చెప్పాలె? దానికి చెవులున్నయా?" స్నిగ్ధను చంకనెత్తుకుంది. "మేము పోయినమని ఆయనకు మీరే చెప్పుండ్రి."

గేటు దాటేదాకా చూశాను. నేను ఇచ్చింది ఊరట కాదని అప్పుడే అర్థమైంది. కానీ అంకె అంకే కదా అనుకొని గదిలోకి వచ్చి కాగితం నింపడం మొదలుపెట్టాను.

గంట తర్వాత యాదగిరి వచ్చాడు. రెండు చేతుల మీద తువ్వాలు పరిచి పట్టుకున్నాడు.

"సారు, నా మురుకులు?"

"కడుపు నిండిందన్నావు కదా."

"నాక్కాదు, స్నిగ్ధకు. పల్లీపట్టి దానికి పడది, పన్ను నొస్తది. గందుకే అటు దిక్కు ముట్టనే లే."

నేను డబ్బా మూత తీయలేకపోయాను.

పెళ్లిలోనైనా దినాల్లోనైనా తన విస్తట్లోది కొంత తువ్వాలు చెంగున కట్టి ఇంటికి తీసుకుపోని తండ్రిని ఈ జిల్లాలో నేను చూడలేదు. మా నాయిన అట్లా తెచ్చిన బూందీ తిని పెరిగినవాణ్ని. నా పరీక్షలో మాత్రం ఒకే కడుపు ఉంది.

రెండు వందల పద్నాలుగు సార్లు ఆ చెయ్యి ఎటు పోతోందో దానికి తెలుసు. ప్రతిసారీ తెలుసు. ఆ ఆలోచన అక్కడితో ఆగలేదు.

"యాదగిరీ, ఆ రోజు చౌరస్తాలో..."

అతను తువ్వాలు వైపే చూస్తున్నాడు. "తెలుసు సారు. చేతులు వణుకుతుండె, హ్యాండిలు నిలుస్తలేదు. ఒక్క సీస తాగి, వణుకు ఆగినంక పోదామనుకున్న. ఒక్కటే అనుకున్న."

డబ్బా అతని తువ్వాల్లో గుమ్మరించి, ఫోను తీసుకొని వరండా చివరకు వెళ్లాను. నాలుగోసారి మోగాక నవనీత ఎత్తింది. బస్సు చప్పుడు.

"నేను తప్పు చెప్పానమ్మా. ఆ చెయ్యి అలవాటుతో నొక్కలేదు. మురుకులు స్నిగ్ధకు తేవాలని నొక్కింది."



"గట్లయితే ఆ దినం గూడ తెల్సే పోయిండు."

"అవును."

"ఆయన నోటితోనే చెప్పిండా?"

"చెప్పాడు."

కండక్టరు దేవరకద్ర, దేవరకద్ర అని అరుస్తున్నాడు. స్నిగ్ధ ఏదో అడుగుతోంది.

"దిగుతున్న సారు," అంది నవనీత. "ఎనుకకు వస్తున్న. మాఫ్ చేయనీకి గాదు. నా బిడ్డనెందుకు చంపినవని అడుగనీకి. ఆయన్ను ఆడ్నే ఉంచుండ్రి."

గదిలోకి వచ్చేసరికి యాదగిరి తువ్వాలు నాలుగు కొసలూ దగ్గరికి తెచ్చి ముడి వేస్తున్నాడు.

"బయట లేరేంది సారు? ఏడికి పోయిన్రు?"

"వస్తున్నారు. కూర్చో."

నా ముఖం చూశాడు. మూట ఒళ్లో పెట్టుకొని, తలుపుకు ఎదురుగా కూర్చొని, ముడి ఇంకొంచెం బిగించాడు. ఆ చేతులు వణకడం లేదు. అందుకు ఇరవై ఒక్క రోజులు పట్టింది.