బెల్లం లేని మిద్దె

ఓబళప్ప గోడను ముందు వేలి కణుపుతో తట్టాడు. తరవాత అరచెయ్యి ఆనించాడు. చివరికి, రహస్యం వినేవాడిలా, చెంప ఆనించాడు. సున్నం చల్లగా ఉంది. చెమ్మ లేదు.

"రాసుకో రైటరప్పా. పడమటి గోడ. కాల్చిన ఇటుక, సున్నం. పగులు లేదు. సాయంత్రం ఎండంతా ఈ గోడ మిందే పడతాది, అయినా ఒక్క పెచ్చు లేయలే."

గోపాలప్ప నోటుబుక్కులో రాసుకున్నాడు. నలభై దాటిన మనిషి. యుద్ధం నడిచినన్నాళ్ళూ పటాలం గిడ్డంగిలో గుమస్తాగా ఉన్నాడు. యుద్ధం ముగిసింది, గిడ్డంగి మూతపడింది. ఇళ్ళు కొనేవారికి తోడ్పడే ఒక సంఘంలో కొత్తగా చేరాడు. కొనబోయే ఇంటిని చూసి, మంచిచెడ్డలు రాసివ్వడం అక్కడ అతని పని. చేరిననాడు అతనికి దూలానికీ వాసానికీ తేడా తెలియదు. మూడు నెలలుగా ఓబళప్ప వెంట తిరిగి ఇల్లంటే ఏమిటో నేర్చుకుంటున్నాడు.

"తట్టితేనే తెలుస్తాదా ఓబళప్పా? సంఘమోళ్ళిచ్చిన పుస్తకంలో ఇట్ల లేదే."

"ఆ పుస్తకాన్ని వానలో పెడితే ఏమైతాది?"

"తడస్తాది."

"గోడ తడవగూడదు గదప్పా. అందుకే పుస్తకాన్ని అడగద్దు, గోడనడుగు."

గోపాలప్ప నవ్వాడు. ఓబళప్ప నవ్వలేదు. రోజూ తన మాటకు తానే ముందు నవ్వే మనిషి, ఈ పొద్దున కె.ఆర్.పురంలో రైలెక్కినప్పటి నుంచీ ముభావంగా ఉన్నాడు. బెంగుళూరు కంటోన్మెంటులోని దండు స్టేషనులో దిగి, కాక్స్ టౌను వైపు నడిచి, వీధి మలుపు తిరగగానే అతని కాలు ఒక్క క్షణం ఆగింది. అతను ఇంటిని చూడకముందే ఇల్లు అతన్ని గుర్తుపట్టింది.

అరవై రెండేళ్ళవాడు. నలభై ఏళ్ళు సున్నంలో నాని వేలిగోళ్ళు గవ్వల్లా తెల్లబడి, అంచులు అరిగిపోయాయి. కుడి మోకాలు వాచి సారవ కర్రలు ఎక్కలేనివాడయ్యాక, కట్టే పని పోయి చూసే పని మిగిలింది. ఓబళప్ప బాగుందంటే బాగున్నట్టే అని తూర్పు పేటలన్నిటా పేరు. ఆ పేరు తప్ప అతనికి ఆస్తి లేదు, సంతానం లేదు, రెండేళ్ళుగా భార్యా లేదు.

పునాది అంచు చూశారు. దారానికి కట్టిన ఇత్తడి గుండు వేలాడదీసి మూలల నిలువు చూశారు. ద్వారబంధాల అడుగున చెదలు వెతికారు. వంటింటి పొగగూటిలో తల దూర్చి గోపాలప్ప మసి పూసుకున్నాడు. ఓబళప్ప ఒక్కొక్కటీ ఓపిగ్గా చెప్పాడు, కావలసినదానికన్నా ఎక్కువగానే చెప్పాడు. గోపాలప్ప కలం ఆపాడు.

"ఓబళప్పా, ఒక మాటడగనా? మిద్దిల్లంటే ముందు మిద్దె ఎక్కల్ల అని కదా నువ్వు చెప్పిన మొదటి పాఠం? ఈ పొద్దు కింద్నించి వస్తాండావే?"

"మోకాలు నొస్తాంది" అన్నాడు ఓబళప్ప.

అబద్ధం కాదు. నిజమూ కాదు. పైనుంచి అతనికొక చప్పుడు వినిపిస్తూ ఉంది. టప్ప, టప్ప, టప్ప. పది కొయ్యచెక్కలు ఒక్క వరసలో లేచి ఒక్క వరసలో పడుతున్న చప్పుడు. అతను గోపాలప్ప ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏమీ లేదు. చప్పుడు తనకొక్కడికే.

ఇల్లు కొనబోతున్న కమలమ్మ పళ్ళెంతో లోపలికి వచ్చింది. ఆడపిల్లల బడిలో కుట్టుపని నేర్పుతుంది. భర్త సింగపూరు యుద్ధానికి పోయి తిరిగి రాలేదు. ఇద్దరు కూతుళ్ళతో, అత్తతో ఐదేళ్ళలో నాలుగు అద్దె గదులు మారింది. ఇంకా తనది కాని ఈ ఇంట్లో అప్పుడే వాకిలి కడిగి ముగ్గు పెట్టింది.

"తీసుకో మేస్త్రప్పా. నీళ్ళు, బెల్లం. ఇంటికొచ్చినోళ్ళకి బెల్లం పెట్టకుండా మాట మొదలుపెట్టగూడదంటాది మా అత్త."

పళ్ళెంలో రెండు ముక్కలు. తేనె రంగు బెల్లం. ఓబళప్ప నీళ్ళ చెంబు తీసుకున్నాడు. బెల్లం ముట్టలేదు.

"ఏం మేస్త్రప్పా, చక్కెర రోగమా?"

"కాదమ్మా."

"రోగం లేదు, బెల్లం వద్దా! మా పెద్దపాప చూస్తే నిన్ను పిచ్చోడంటాది" అని నవ్వి, ఆమె పైకప్పు వైపు చెయ్యి చూపింది. "పాపలిద్దరూ ఈ గదిలోనే పడుకుంటారు. ఈ దూలం కింద. గాలి బాగా వస్తాది."

ఓబళప్ప తల ఎత్తాడు. ఎత్తక తప్పలేదు. దూలం కొస గోడలో దూరేచోట, వెల్ల మీద అరచేతి మేర గోధుమరంగు వలయం ఉంది. గోపాలప్పను స్టూలు ఎక్కించి, చేతికి మేకు ఇచ్చాడు.

"కొసన పొడువు. మెల్లగా."

మేకు మాగిన సీతాఫలంలోకి పోయినట్టు పోయింది.

కమలమ్మ ముఖంలో నవ్వు వెంటనే పోలేదు. పోవడానికి దారి వెతుక్కుంది.

"మిద్దె మిందికి నీళ్ళు కావల్ల. ఆరు బిందెలు" అన్నాడు ఓబళప్ప.

గోపాలప్ప బావిలో చేది, బిందె భుజానికెత్తుకుని మెట్లెక్కాడు. మూడో బిందెకు రొప్పుతూ, "గుమస్తా పని అని చేర్చుకున్నారు, నీళ్ళు మోసే పనైపోయింది" అన్నాడు. "మోయప్పా, ఆ నీళ్ళే నీకు పంతులు" అని ఓబళప్ప తానూ ఎక్కాడు. ఒక్కొక్క మెట్టూ ఎడమ భుజంలోకి ఒక సూదిని దించింది.

మిద్దె మీద ఎండ, గాలి, పిట్టగోడ. మూడేళ్ళ కిందట ఎలా ఉందో అలాగే ఉంది. ఓబళప్ప తలగుడ్డ విప్పి, చుట్ట చుట్టి, నీళ్ళు పోయే తూములో బిగించాడు. పోసిన నీరు ఆ మూల పల్చని మడుగై నిలిచింది. నీటి అంచున పెన్సిలుతో గీత గీయమన్నాడు.

"గడియసేపు చూడల్ల. గీత దిగితే మిద్దె తాగుతాంది."

ఇద్దరూ పిట్టగోడ నీడన కూర్చున్నారు. నీరు ఆకాశాన్ని పట్టుకుని కదలకుండా ఉంది. ఓబళప్ప నీటినే చూస్తూ మొదలుపెట్టాడు.

"ఈ మిద్దె నేనేసిందే రైటరప్పా."

గోపాలప్ప తిరిగి చూశాడు.

"దూలాల మింద ఇటుక పేర్చి, ఇటుకముక్కలూ సున్నమూ కలిపి పోస్తాము. దాన్ని ఆడోళ్ళు చెక్కల్తో కొట్టల్ల, దినాలకు దినాలు. కొడతా కొడతా కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చల్లల్ల. కరక్కాయ బిగిస్తాది, బెల్లం అంటిస్తాది. బెల్లం లేకుంటే అది మిద్దె గాదు, జల్లెడ."

మూడేళ్ళ కిందట. రేషను రోజులు. పర్మిట్టు మీద కంట్రాక్టరు తెప్పించిన బెల్లపు అచ్చులు ఈ మెట్ల కింది గదిలోనే ఉండేవి. తాళంచెవి ఓబళప్ప మొలతాడుకు ఉండేది. కొట్టే ఆడవాళ్ళ బృందానికి పాట ఎత్తేది అతని భార్య మునివెంకటమ్మ.

మబ్బు జారకుండ మిద్దె కొట్టరే
బిడ్డ తడవకుండ గట్టి కొట్టరే

ఆమె ఒక చరణం పాడితే తొమ్మిది గొంతులు అందుకునేవి, పది చెక్కలు తాళం వేసేవి. నాలుగో రోజు చల్లే నీళ్ళ కుండలో రంగు పలచబడింది. ఓబళప్ప వేలు ముంచి నాకాడు. ఒట్టి కరక్కాయ వగరు. తల ఎత్తితే, ఇసుక కుప్ప పక్కన గుడ్డ ఉయ్యాలలో ఒక బిడ్డ. దాని పెదవులకు బెల్లం మరక. ఆ పక్కన ఇంకో బిడ్డ తన పిడికిలినే చీకుతూ ఉంది. తాళంచెవి రాత్రి మొలతాడు నుంచి ఎవరు తీయగలరో అతనికి తెలుసు. కడుపు పండని మనిషి, పరాయి కడుపుల ఆకలి చూడలేకపోయింది.

ఆమె అతని వైపు చూడలేదు. చెక్క ఎత్తి, పాట మధ్యలో ఆగి ఉంది. ఆగమంటే పని ఆగేది, పది కుటుంబాల కూడు ఆగేది, ఆమె మీద దొంగ అన్న పేరు పడేది. అతను "పాటెత్తండి" అన్నాడు. అంతే అన్నాడు.

"పని అయిపోయినాంక, ఆ ఆడోళ్ళే ఎవురూ పిలవకుండా మూడు దినాలు వచ్చి కొట్టినారప్పా. బెల్లం తీసినదానికి బదులు చేతులు పెట్టినారు. అందుకే మూడేండ్లు నిలిచింది. నేనూ అనుకుంటి, చెమటే అంటించిందేమోనని. అది ఎంత తప్పో నాకు తెలుసు. మేస్త్రీని గదా."

"మునివెంకటమ్మ ఏమీ చెప్పలేదా?"

"మరుసటేడు కార్తీకంలో జరమొచ్చి పాయె. ఆ దినాలంతా మేము బెల్లం మాటే ఎత్తలే. ఇంట్లో బెల్లమే కొనలే. ఈ ఇంటి చూపుకు పోవల్లని నువ్వు నిన్న చీటీ పంపినప్పుడే రానని చెప్పుంటే సరిపోయుండు. ఇంకొక మేస్త్రీ వచ్చి బాగుండాదని చెప్పి పోయుండు."

"మరి ఏల వస్తివి?"

ఓబళప్ప నీటి వైపు చెయ్యి చూపాడు. పెన్సిలు గీతకూ నీటి అంచుకూ మధ్య వేలెడు పొడి జాగా తేలింది.

"దాని కింద పడుకునేది ఇద్దరు పాపలప్పా. రాసుకో. మిద్దెలో బెల్లం పడలే. మేస్త్రీకి తెలిసి పడలే. మేస్త్రీ పేరు ఓబళప్ప."

"పేరు రాస్తే ఇంక నిన్నెవురు పిలుస్తారు? మిద్దె చెడింది అని మాత్రం రాస్తా. చాలు."

"ఎట్ల చెడిందో రాయకుంటే అమ్మేవాడు పైపైన సున్నం పూసి చూపిస్తాడు. ఎట్ల చెడిందో రాయల్లంటే ఎవురు చెప్పినారో రాయల్ల. నా పేరు రాయి. ఆడోళ్ళ మాట ఒక్కటి మాత్రం వద్దు."

గోపాలప్ప పెన్సిలు గీతను మరొకసారి చూశాడు. తరవాత రాశాడు. రాసింది చదివి వినిపించాడు. ఓబళప్ప తల ఊపాడు.

కమలమ్మ మెట్ల మీద నిలబడి అంతా వింది. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"అయితే ఈ ఇల్లు వద్దంటావా?"

"వద్దనలేదమ్మా. గోడలు నూరు వానలు తింటాయి. మిద్దె పెరికి, కుళ్ళిన దూలాలు మార్చి, మళ్ళా కొట్టించల్ల. అమ్మేవాడితోనే కొట్టించు. ఈ కాగితం చూపించు, నా పేరు చెప్పు. బెల్లం అచ్చులు తూచేటప్పుడు నువ్వే నిలబడు. కొట్టే ఆడోళ్ళ బిడ్డలకి మాత్రం పొద్దున్నే ఒక్కొక్క ముక్క చేతిలో పెట్టు తల్లీ. పెడితే కుండలోది కుండలోనే ఉంటాది."

ఆమె కొంగు నడుముకు చెక్కుకుంది. "పెడతా" అంది.

గోపాలప్ప ఆమెతో కిందికి దిగాడు. కాగితం శుభ్రంగా తిరగరాసి ఆమె చేత సంతకం చేయించుకోవాలి. "నీళ్ళు ఇంకెంత దిగుతాయో చూసి వస్తా" అని ఓబళప్ప అక్కడే ఉండిపోయాడు.

ఎండ జరిగింది. చెక్కల చప్పుడు ఇప్పుడు దగ్గరగా, చుట్టూ వినిపించింది. పాట మధ్యలో ఆగిన గొంతు ఆగిన చోటు నుంచే మళ్ళీ అందుకుంది. ఓబళప్ప అరచేతిని మిద్దె మీద బోర్లించి తాళం వేశాడు. ఒకసారి, రెండోసారి.

కాగితం పూర్తయ్యాక గోపాలప్ప కిందినుంచే పిలిచాడు. మళ్ళీ పిలిచి పైకి వచ్చాడు. పిట్టగోడకు ఆనుకున్న మనిషి అలాగే ఉన్నాడు. అరచెయ్యి మిద్దె మీద అలాగే ఉంది. గోపాలప్ప అతని మణికట్టు పట్టుకుని చూశాడు. మూడు నెలలుగా నేర్చుకున్నట్టే, తొందరపడకుండా, రెండుసార్లు చూశాడు. నాడి లేదు.

సాయంత్రం కె.ఆర్.పురం నుంచి చుట్టాలు ఎద్దుల బండి కట్టుకొచ్చి అతన్ని తీసుకుపోయారు. కమలమ్మ వాకిలికి తాళం వేసింది. మిద్దె మీద నీరు ఇంకి ఇంకి పళ్ళెమంత మిగిలింది. తూములో, ఎవరూ తీయని తలగుడ్డ, ఆ కాస్త నీటిని పట్టుకుని ఉంది.